తాకని రాయి

కోర్టు వరండాలో హౌలానీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఆ చివర తాగేనీళ్ల కుళాయి, ఈ చివర మెట్లు, మధ్యలో ఇరవై ఆరు అడుగులు. పొద్దున్నుంచి ఆ ఇరవై ఆరూ ఎన్నిసార్లు వేసిందో లెక్క లేదు. గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది గానీ ఆమె ఒంట్లో నడిచే గడియారం వేరు. సముద్రం వెనక్కి జరిగి రాళ్ల మెడలు బయటపెట్టే వేళ ఇది. ఇంకో గంట పోతే మళ్లీ కప్పేస్తుంది. ఇంత బాగా నీళ్లు దిగే పొద్దులు నెలకి ఆరో ఏడో వస్తాయి. వాటిలో ఒకటి ఇవాళ ఈ నున్నటి నేల మీద చెప్పులరగదీయడంతో సరిపోతోంది.

“కూర్చోవే. నేల అరిగిందంటే దానికో కేసు పెడతారు,” అన్నాడు ఎలియా బాబాయ్.

బల్ల మీద ఆయన కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఎనభై ఒక్కేళ్లు. చర్చికీ చావులకీ వేసుకునే తెల్లచొక్కా వేసుకొచ్చాడు. హౌలానీ తండ్రికి తమ్ముడు. యాభై నాలుగేళ్ల హౌలానీకి గుల్ల పట్టడం నేర్పింది నాయనమ్మా ఈయనా. ఆ నాయనమ్మ పోయింది, తండ్రీ పోయాడు. ఆ తీరం సంగతి ఆమె పుట్టకముందునుంచీ తెలిసినవాడు ఇక ఈయనొక్కడే.

“నీకేం, కొండలా కూర్చుంటావు. నీ మీదా కేసు?” అంది హౌలానీ.

“నేను గేటు దగ్గర దొరకలేదు. దొరికింది నువ్వు.”

ఆ మాట నిజమే కాబట్టి ఇంకా మండింది.

అది మార్చి నెలలో ఒక తెల్లవారుజామున జరిగింది. కోహాల కొండల కింద గడ్డీ నల్లరాళ్లూ తప్ప ఏమీ లేని ఆ నేలని కొన్నేళ్ల కిందట ఒక కంపెనీ కొంది. ఇళ్లు కడతామంది. కట్టలేదు గానీ గేటు మాత్రం కట్టింది. గేటుకి అటూ ఇటూ నిటారు లోయలు, కింద సముద్రం. దిగడానికి దారి ఒక్కటే, అది గేటులోంచే పోతుంది. హౌలానీ ఎప్పటిలాగే గేటు పక్కనుంచి దూరి, దిగి, రాళ్లకి అతుక్కుని బతికే ఒపిహి గుల్లలు పట్టుకుని పైకి వచ్చేసరికి కంపెనీ మేనేజరు కర్టిస్, ఆయన పిలిపించిన పోలీసు ఎదురుగా నిలబడి ఉన్నారు. నడుముకి తడి వల సంచి, అందులో ముప్ఫై ఒక్క గుల్లలు, చేతిలో మొద్దు కత్తి.

“ఇక్కడేం చేస్తున్నారు?” అన్నాడు పోలీసు. ఆయన చొక్కాకి తగిలించిన కెమెరా నడుస్తోంది.

“ఊరికే. తిరగడానికొచ్చా,” అంది హౌలానీ.

సంచిలోంచి నీళ్లు కారుతుంటే ఆ మాటంది! వేరేచోట అయితే నవ్వుకుంటారు. కానీ ఆ తీరంలో పుట్టినవాళ్లెవరూ గుల్లలకనో చేపలకనో నోటితో చెప్పరు. వెళ్లేటప్పుడు చెప్పరు, వచ్చేటప్పుడూ చెప్పరు. చెబితే సముద్రం వింటుంది, గుల్ల రాతికి బిగుసుకుంటుంది, అల మనిషిని లాక్కుపోతుంది. మనలో బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడగకూడదంటారు కదా, వీళ్లు ఇంకో మెట్టు పైన. అడిగినా సరే చెప్పరు. హౌలానీకి మాటలు వచ్చినప్పటినుంచి ఆ ప్రశ్నకి ఆమె నోట వచ్చే జవాబు అదే. పోలీసు దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. అక్రమ ప్రవేశం అని చీటీ చేతిలో పెట్టాడు.

కిమీ నకాసోన్ ఫైళ్లు గుండెకి అదుముకుని పరుగులాంటి నడకతో వచ్చింది. డబ్బు లేనివాళ్లకి ప్రభుత్వం ఇచ్చే లాయరు. ముప్ఫై ఏళ్లుంటాయేమో. ఈ ద్వీపంలోనే పుట్టింది, కానీ కాఫీ తోటల వైపు. సముద్రం సంగతి అంతగా తెలియదు.

“పిన్నీ, ఆఖరిసారి అడుగుతున్నా. ఇక ఆ గేటు దాటనని సంతకం పెడితే ఇప్పుడే కేసు ఎత్తేస్తామంటున్నారు. రికార్డులో మచ్చ కూడా ఉండదు.”

“దాటకపోతే కొండమీంచి దూకమంటావా?”

“ఓడిపోతే మాత్రం కోర్టే దాటొద్దంటుంది. ఎప్పటికీ.”

“ఎప్పటికీ అంటే?”

“ఎప్పటికీ అంటే ఎప్పటికీ పిన్నీ. ఈసారి దాటితే జైలే.”

హౌలానీ మళ్లీ కుళాయి దాకా నడిచి వచ్చింది. భయం వేసింది. ఆ రాళ్లు లేకుండా తన బతుకు ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు, ఇప్పుడు ఆలోచించడానికీ మనసొప్పడం లేదు.

“పద, లోపలికి,” అంది.

ఈ కేసు అంతా ఒక్క వాక్యం మీద నిలబడి ఉందని కిమీ ఆమెకి ఇదివరకే చెప్పింది. “దేశమంతటికీ ఉన్న పెద్ద రాజ్యాంగంలో నీ గుల్లల ఊసే లేదు పిన్నీ. నోరు నొక్కకూడదు, వారంటు లేకుండా ఇంట్లోకి దూరకూడదు, అవన్నీ ఉన్నాయి. కానీ పూర్వీకుల ఆచారం ప్రకారం తిండికోసం, పూజకోసం నేల దాటి వెళ్లే హక్కు మన రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. డెబ్భై ఎనిమిదిలో రాయించారు. వేరే రాష్ట్రంలో అయితే నీకు ఆ వాక్యం లేదు, నేను నోరెత్తడానికీ లేదు.”

“రాసి ఉంటే ఇంక గొడవేంటి?”

“రాసి ఉంటే చాలదు. అది నీకు వర్తిస్తుందని నువ్వే రుజువు చెయ్యాలి.”

రుజువు చెయ్యాల్సినవి మూడు. ఒకటి, తెల్లవాళ్ల ఓడలు రాకముందు ఇక్కడున్నవాళ్ల రక్తం ఆమెదని. దానికి చర్చి పుస్తకాలు ఉన్నాయి. రెండు, ఆ నేల ఇంకా కట్టడాలు లేని బీడు అని. కర్టిస్ పాతిన కొలతల మేకులు తప్ప అక్కడ మేకలే ఉన్నాయి. మూడు, ఆమె చేసిన పని ఆచారమేనని. చిక్కంతా దీనితోనే.

ఇంత చిన్న కేసుకి జ్యూరీ ఉండదు. జడ్జి అగ్బయానీ ఒక్కతే, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, అన్నీ చేత్తో రాసుకుంటుంది. ఎదుటి పక్షాన ప్రాసిక్యూటర్ పషేకో. అతనూ ఇక్కడివాడే. వాళ్ల నాన్న పశువులు కాసేవాడు. వెనక వరసలో కర్టిస్ ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

పషేకో ముందుగా పోలీసు కెమెరా వీడియో వేయించాడు. తెర మీద తడిసిన హౌలానీ అందరి ముందూ అంది: “ఊరికే. తిరగడానికొచ్చా.”

“మళ్లీ వెయ్యండి,” అన్నాడు. మళ్లీ వేశారు. కుర్చీలో హౌలానీ కాళ్లు నిలవడం లేదు. కిమీ బల్ల కింద ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

“అమ్మా, రాజ్యాంగం ఆచారానికి రక్షణ ఇచ్చింది, షికారుకి కాదు,” అన్నాడు పషేకో జడ్జితో. “ఇందులో ఆచారం ఉందని ఆ రోజు ఆవిడే అనలేదు. లాయరు దొరికాక గుర్తొచ్చింది.”

అదిగో, ఆ ముక్కే హౌలానీ రెండు నెలలుగా నిద్రలో కూడా నెమరేస్తున్నది. ఒక్కమాట, గుల్లలకొచ్చానని ఒక్కమాట అని ఉంటే సరిపోయేదట. ఆచారాన్ని తప్పి ఉంటే ఆచారం కాపాడేదట!

తర్వాత కిమీ ఎలియా బాబాయ్‌ని బోనెక్కించింది. చెయ్యెత్తి ప్రమాణం చేశాడు. ఆచారం గురించి అడిగితే చెప్పాడు గానీ, ఎలా చెప్పాడు! సముద్రాన్ని ‘అటు’ అన్నాడు, గుల్లల్ని ‘అవి’ అన్నాడు. పిల్లల్ని ఎన్నో ఏట ‘అటు’ తీసుకెళ్లేవాళ్లో, ‘అవి’ ఎంత పెద్దవైతే ముట్టుకోవచ్చో, అలకి వీపు తిప్పినవాణ్ణి ఆ రోజుకి ఇంటికి ఎలా పంపేసేవాళ్లో చెప్పాడు. జడ్జి ఓపిగ్గా రాసుకుంది. మధ్యలో ఒకసారి “అవి అంటే ఒపిహిలేనా?” అంది. బాబాయ్ తల ఊపాడు తప్ప పెదవి కదపలేదు.

పషేకో లేచాడు. ముసలాయన్ని నొప్పించడం అతనికీ ఇష్టం లేనట్టుంది, నవ్వుతూ మొదలుపెట్టాడు.

“పెద్దాయనా, రేపు కూడా నీళ్లు బాగా దిగుతాయట కదా?”

“దిగుతాయి.”

“మరి రేపు పొద్దున్నే మీరేం చేస్తారు?”

కిమీ అభ్యంతరం చెప్పబోయి ఆగింది. బాబాయ్ తన కుడిచేతి వంక చూసుకున్నాడు, ప్రమాణం ఇంకా దానికి అంటుకుని ఉందేమోనన్నట్టు. తర్వాత పషేకో వంక చూశాడు.

“ఊరికే. అలా తిరిగొస్తా.”

ముందు నవ్వింది కోర్టు బంట్రోతు. తర్వాత టైపు చేసే అమ్మాయి. జడ్జి కలం పెదాలకి అడ్డం పెట్టుకుంది.

“ప్రమాణం చేసి చెబుతున్నారు, పెద్దాయనా.”

“చేశాను నాయనా. ప్రమాణం చేశాను గదా అని రేపటి కూడు పాడు చేసుకోనా? మీ నాన్న నిన్ను గుర్రమెక్కించేవాడని తెలుసు గానీ ఎప్పుడూ అటు తీసుకెళ్లలేదా ఏం?”

ఈసారి పషేకో కూడా నవ్వేశాడు. తన వలలో తనే పడ్డానని తెలిసిపోయింది అతనికి. ఇంకేం అడగకుండా కూర్చున్నాడు. హౌలానీకి మార్చి తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి ఆడింది. బాబాయ్‌ని అక్కడికక్కడే ముద్దుపెట్టుకోవాలనిపించింది.

ఆ సంతోషమే కొంప ముంచింది. తన వంతు వచ్చి బోనులో కూర్చున్నాక ఆమె నోరు ఇక ఆగలేదు. రెండు నెలలు బిగబట్టిన మనిషి. కిమీ అడిగిన ప్రశ్న చిన్నదే: “ఎంత పట్టాలో, ఎక్కడ ఆపాలో మీకు ఎవరు నేర్పారు?” నాయనమ్మ అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది.

“మా నాయనమ్మ. మేం కనపడ్డవన్నీ గీక్కునే రకం కాదు. అక్కడ ఎనిమిది రాళ్లున్నాయి. ఏడిట్లో వంతులవారీగా పడతాం. ఎనిమిదోది తల్లి రాయి. దాని మీద చెయ్యి వెయ్యం. మా నాయనమ్మ వెయ్యలేదు, ఆవిడ తల్లీ వెయ్యలేదు. అరచేయంత గుల్లలున్నాయి దాని మీద. అవి విత్తనం వదిలితేనే మిగతా ఏడూ నిండుతాయి. దొంగలు ఇట్లా చేస్తారా?”

బాగా చెప్పాననుకుంది. అప్పుడు బాబాయ్ మొహం చూసింది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. వెనక కర్టిస్ ఫోను దించి చొక్కా జేబులోంచి కలం తీస్తున్నాడు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. తల్లి రాయి అన్న మాట ఆ ఇంటి గోడలు దాటడం అదే మొదలు. కిమీకి కూడా చెప్పలేదు, పెళ్లాడిన మొగుడికి చెప్పలేదు. ఒపిహి అంటే పెళ్లి విందులకి ఎంతైనా పోసి కొనేవాళ్లున్నారు. రాత్రికి రాత్రి పడవేసుకొచ్చి గడ్డపారలతో గీకేసేవాళ్లూ ఉన్నారు. అరచేయంత గుల్లలున్న రాయి ఒకటుందని తెలిస్తే వాళ్లు తీరమంతా వెతుకుతారు.

పషేకో మెల్లగా లేచాడు. “ఆ ఎనిమిదిట్లో తల్లి రాయి ఏదమ్మా?”

హౌలానీ కిమీ వంక చూసింది.

“మ్యాపు తెచ్చాను. వేలు పెట్టి చూపిస్తే చాలు. ఫోటోలు తీయించి చూస్తాం. మీరన్నట్టే అరచేయంత గుల్లలుంటే మీ మాట నిజం. లేకపోతే కాదు.”

“అభ్యంతరం,” అంది కిమీ. “ఏ రాయో తెలియాల్సిన పని లేదు.”

“ఆ సంగతి ఎత్తింది మీ సాక్షే,” అంది జడ్జి. “ఎత్తాక, అది నిజమో కాదో తేల్చుకునే హక్కు ఎదుటివాళ్లకి ఉంటుంది.”

“అయితే తలుపులు మూసి వినండి.”

“నేరం కేసు తలుపులు తెరిచే నడవాలి, నకాసోన్ గారూ. మీరు ఆధారం చేసుకున్న రాజ్యాంగంలోనే అది కూడా రాసి ఉంది.” జడ్జి హౌలానీ వైపు తిరిగింది. మాట కటువుగా లేదు. “అమ్మా, ఒంటిగంటకి మళ్లీ కూర్చుందాం. అప్పుడు జవాబు చెప్పండి. చెప్పకపోతే ఆ రాళ్ల గురించి మీరు చెప్పినదంతా కొట్టేయాల్సి వస్తుంది. కొట్టేస్తే మీ నోటి సాక్ష్యంలో పెద్దగా ఏమీ మిగలదు.”

భోజనం వేళ హౌలానీ ఏమీ తినలేదు. కోర్టు వెనక కార్లు నిలిపే చోట ఎండలో అటూ ఇటూ తిరిగింది. బాబాయ్ నీడన మెట్టు మీద కూర్చుని, సముద్రపాచి రేకు చుట్టిన అన్నం ముద్ద విప్పుకుని తింటున్నాడు.

“చెబితే గేటు తెరుచుకుంటుంది, రాయి పోతుంది. చెప్పకపోతే రాయి ఉంటుంది, నేను దాని మొహం చూడను. ఏం చెయ్యను బాబాయ్?”

“అసలా మాట ఎందుకు వాగావే?”

ఆ ప్రశ్నకి ఏడుపొచ్చేసింది. కార్ల మధ్య నిలబడి, యాభై నాలుగేళ్ల మనిషి, చిన్నపిల్లలా ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. “మమ్మల్ని దొంగల్లా చూస్తుంటే ఉండబట్టలేకపోయాను,” అంది.

బాబాయ్ నమలడం ఆపలేదు. కొంతసేపయ్యాక మిగిలిన సగం ముద్ద ఆమెకి చాపాడు. ఆమె వద్దంది.

“వేరే రాయి చూపిస్తే? ఎవరికి తెలుస్తుంది?” అంది గొంతు తగ్గించి.

కారు పక్కన ఫైలు తిరగేస్తున్న కిమీ రెండు చేతులూ ఎత్తేసింది. “పిన్నీ, ఆ మాట నేను వినలేదు. విన్నానంటే నిన్ను బోనెక్కించకూడదు.” గబగబా లోపలికి వెళ్లిపోయింది.

బాబాయ్ నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు. “చూపించు. ఆ రాయిని గీకేస్తారు. మిగతా ఏడిట్లో ఏ రాయి గీకించుకోవాలో నువ్వే తేల్చుకో.”

“నువ్వైతే ఏం చేస్తావో చెప్పవు కదా!”

“నేనైతే అక్కడిదాకా తెచ్చుకోను.”

మొండి ముసలాడు! కోపంతో ఆమె ఇంకో రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో ఎక్కడో కోపం పోయి ఒళ్లంతా అలసట వచ్చింది. ఇప్పుడు ఆ నల్లరాళ్లని నీళ్లు కప్పేసి ఉంటాయి. తను ఉన్నా లేకపోయినా కప్పుతాయి. నాయనమ్మ తనని ఆరేళ్లప్పుడు ఆ తల్లి రాయి దగ్గర నిలబెట్టి చేతులు వెనక్కి కట్టుకోమంది. చూడు, ముట్టుకోకు అంది. అంతకుమించి ఏ కారణం చెప్పలేదు. విత్తనం సంగతి ఆమెకి పెద్దయ్యాక అర్థమైంది.

ఒంటిగంటకి బోనులో కూర్చుంది. పషేకో మ్యాపు ఆమె ముందు పరిచాడు. కర్టిస్ ముందు వరసకి మారి కూర్చున్నాడు.

“ఏ రాయి?”

“చెప్పను.”

“చెప్పకపోతే ఏమవుతుందో మీకు అర్థమైందా?” అంది జడ్జి.

“అయిందమ్మా. మీరు కొట్టేయండి. నాది తప్పే, అసలు ఎత్తకుండా ఉండాల్సింది. ఎత్తాను గదా అని మిగతాది కూడా చెప్పెయ్యలేను. ఆ గేటు దాటొద్దంటే దాటను.”

మ్యాపు మడిచి పషేకో వైపు జరిపింది.

జడ్జి కలం పక్కన పెట్టింది. తర్వాత, రాళ్ల గురించి సాక్షి చెప్పినదంతా రికార్డులోంచి కొట్టివేస్తున్నానని స్పష్టంగా, ఒక్కో ముక్కా పలికింది. ఎన్ని రాళ్లో, ఏ రాయిని ఎందుకు వదిలేస్తారో, అన్నీ. టైపు అమ్మాయి తల ఊపి నల్లగీతలు కొట్టింది. కర్టిస్ వంక తిరిగి జడ్జి ఇంకో మాట అంది: “కోర్టు కొట్టేసిన మాటలు బయట మోసుకు తిరగడం మర్యాద కాదు.” ఆయన కలం జేబులో పెట్టుకున్నాడు. మనసులోంచి తీసేస్తాడా లేదా అన్నది హౌలానీకి ఇప్పటికీ తెలియదు.

లాయర్లిద్దరూ చెప్పాల్సింది చెప్పారు. కిమీ కాగితం మీంచి తలెత్తకుండా చదివేసింది. ఓడిపోయామని ఆ అమ్మాయి అనుకుంటోందని హౌలానీకి అర్థమైంది. జడ్జి అరగంట లోపలికి వెళ్లి వచ్చింది. ఆ అరగంటా హౌలానీ వరండాలో నడవలేదు. బాబాయ్ పక్కన కూర్చుంది. నడవడానికి ఎక్కడికీ లేదనిపించింది.

జడ్జి కాగితం చూసి చదివింది. రక్తం రుజువైంది. నేల బీడన్నదీ రుజువైంది. ఇక ఆచారం.

“కొట్టేసినవి నేను లెక్కలోకి తీసుకోలేదు. పెద్దాయన సాక్ష్యం ఉంది. సంచిలో ముప్ఫై ఒక్క గుల్లలూ చట్టం పెట్టిన కొలతకి పైనే ఉన్నాయని పోలీసే రాశారు. అది ఒక ఇంటి కూర, అమ్మకం సరుకు కాదు. ఇక ప్రాసిక్యూటర్ గారి వాదన, ఆవిడ తిరగడానికి వచ్చానందని. ఈ కోర్టులోనే ఇంకొకరు, ప్రమాణం మీద, అదే జవాబిచ్చారు. మొదట నవ్వాను. తర్వాత ఆలోచించాను. నోరు విప్పితే ఆవిడకే లాభం. పోలీసు అడిగినప్పుడూ అంతే, కోర్టు అడిగినప్పుడూ అంతే. రెండుసార్లూ నష్టానికే సిద్ధపడ్డారు. కోర్టు కోసం కల్పించుకున్న ఆచారమైతే మనుషులు దానికోసం ఇంత పోగొట్టుకోరు. ఆవిడ మాటలు కొట్టేశాను గానీ, ఆవిడ ఎలా ఊరుకున్నారో నా కళ్లతో చూశాను. నిర్దోషి.”

కిమీ ఆమెని కౌగిలించుకుని ఎగిరింది. పషేకో వచ్చి బాబాయ్‌కి చెయ్యిచ్చాడు. “మా నాన్న తీసుకెళ్లాడు, పెద్దాయనా. ఒక్కసారి. తడిసిపోయి ఏడ్చానని మళ్లీ తీసుకెళ్లలేదు,” అన్నాడు.

మెట్లు దిగుతూ బాబాయ్ కిమీని అడిగాడు. “అయితే రేపట్నుంచి గేటు తీసేస్తారా?”

కిమీ మొహంలో వెలుగు కాస్త తగ్గింది. “లేదు తాతగారూ. తీర్పు పిన్నికి మాత్రమే. ఈ కాగితం చూపిస్తే ఆవిణ్ణి ఆపరు.”

“మరి నా సంగతి?”

“మీరు దొరికితే మీ కేసు మీదే. మళ్లీ మొదటినుంచి రుజువు చేసుకోవాలి.”

“అందులో రాసింది అందరికీ కాదా?”

“రాసింది అందరికీ. రుజువు మాత్రం ఎవరిది వాళ్లే చూపించుకోవాలి.”

బాబాయ్ మిగతా మెట్లు దిగాడు.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర కంపెనీ కాపలా మనిషి కాగితం తీసుకుని చదివాడు. ఊళ్లోవాడే, హౌలానీకి వరసకి మేనల్లుడవుతాడు. గేటు ఒక మనిషి పట్టేంత తెరిచాడు. ఆమె లోపలికి వెళ్లాక చెయ్యి అడ్డం పెట్టాడు.

“తాతా, ఇందులో అత్త పేరొక్కటే ఉంది. నువ్వు దాటితే నేను ఫోన్ చెయ్యాలి. చెయ్యకపోతే నా ఉద్యోగం పోతుంది.”

“చెయ్యి నాయనా. నీ ఉద్యోగం నువ్వు చెయ్యి. పేరు మాత్రం తప్పు చెప్పకు,” అన్నాడు బాబాయ్. ఆ చెయ్యి కిందనుంచి వంగి లోపలికి వచ్చేశాడు.

“బాబాయ్! వద్దు, వెనక్కి పో. నీకేమన్నా పిచ్చా?” హౌలానీ ఆయన భుజం పట్టుకుంది. “నాకు సాక్ష్యం చెప్పడానికి నువ్వున్నావు. నీకు ఎవరున్నారు?”

“నువ్వున్నావుగా.”

“మళ్లీ అదే అడుగుతారు నన్ను, ఏ రాయని. ఆవిడే ఉంటుందా, ఇంకో జడ్జి వస్తే?”

“అడుగుతారు. నీకెట్లాగూ జవాబు తెలుసు.” ఆయన ఆమె చెయ్యి నెమ్మదిగా భుజం మీంచి తీశాడు. “ఈ గేటు కట్టినప్పట్నుంచీ దొంగలా పక్కనుంచి దూరాను. నిన్ను చూశాక సిగ్గేసింది. దిగు. నీళ్లు మనకోసం ఆగవు.”

పోలీసు రావడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆమెకి ఒళ్లంతా మళ్లీ నిన్నటి కంగారే పట్టుకుంది. ఈసారి తన కోసం కాదు కాబట్టి ఇంకా ఎక్కువగా ఉంది. కానీ ముసలాయన అప్పుడే గడ్డిలో దారి పట్టి వెళుతున్నాడు, ఆ మోకాళ్లకి ఆ వేగం ఎక్కడిదో. ఆమె సంచి బిగించుకుని వెంట నడిచింది. వెనక గేటు దగ్గర కాపలా మనిషి ఫోనులో బాబాయ్ పేరు ఒక్కో అక్షరమే విడదీసి చెబుతున్నాడు.